వంశావళుల్లో ఎవరూ ఆగని పేర్లు: హీబ్రూ పేర్లను విడదీసి చదివే పద్ధతి

"ఆదాము, షేతు, ఎనోషు." మొదటి దినవృత్తాంతముల గ్రంథం మొదలయ్యేది ఇలాగే. క్రియ లేదు, కథ లేదు. మూడు పేర్లు, అంతే. ఆ తర్వాత తొమ్మిది అధ్యాయాల పాటు దాదాపు అన్నీ పేర్లే. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని జనవరిలో మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడికి రాగానే పేజీలు తిప్పేస్తారు. ప్రార్థన కూడికలో ఈ భాగం చదవమంటే టెన్షన్ పడి, నాలుగు పేర్లు పలికి, మిగతావి దాటేసినవాళ్లను చూశాను. చాలా ఏళ్లు నేనూ దాటేశాను.

ఒకరోజు మూడో అధ్యాయంలో జెరుబ్బాబెలు పిల్లల పేర్లను ఒక్కొక్కటీ విడదీసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాళ్లలో కొందరి గురించి బైబిల్లో ఇంకెక్కడా ఒక్క మాట లేదు. కానీ ఆ పేర్లన్నీ పక్కపక్కన పెడితే, బబులోను చెరనుంచి తిరిగొచ్చిన ఒక ఇంటివాళ్లు ఏమని ఆశపడ్డారో వినిపించింది. పిల్లవాడికి పేరు పెట్టేటప్పుడు ఒక తల్లి గానీ తండ్రి గానీ అన్న మాట రెండున్నర వేల ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది. ఆ పిల్లల దగ్గరికి చివర్లో వెళ్దాం. ముందు అక్కడికి చేర్చే పద్ధతి చూద్దాం.

దీనికి పెద్ద గ్రంథాలయం అక్కర్లేదు. తెలుగు పరిశుద్ధ గ్రంథం, ఒక నోట్‌బుక్, ఫోన్‌లో స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిలు మూల భాషలోని ఒక్కో మాటకు ఇచ్చిన వరుస సంఖ్యలు) చూపించే ఏదో ఒక బైబిల్ యాప్ చాలు. హీబ్రూ బాగా చదవడం రానవసరం లేదు. ఉన్నవి 22 అక్షరాలే, వాటిని గుర్తుపట్టడానికి ఒక వారం కూర్చుంటే సరిపోతుంది.

మొదటి మెట్టు: ఈ జాబితా ఏ అవసరానికి రాశారో కనుక్కోండి

పేరు అర్థం వెతకడానికి ముందు ఆ జాబితా పని ఏమిటో తెలియాలి. మన ఊళ్లలో పట్టాదారు పాస్‌బుక్‌కు ఉన్న విలువ ఇశ్రాయేలీయుల వంశావళికి ఉండేది. భూమి ఎవరిది, యాజకత్వం ఎవరికి చెల్లుతుంది అనేవి దాన్ని బట్టే తేలేవి. ఎజ్రా 2వ అధ్యాయంలో 61, 62 వచనాలు చూడండి. యాజకులమని చెప్పుకున్న కొన్ని కుటుంబాలవాళ్లు వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెతికారు, దొరకలేదు. వాళ్లను యాజకత్వం నుంచి పక్కన పెట్టారు. పేరు లేకపోతే పని లేదు, వాటా లేదు.

రూతు గ్రంథం చివర పెరెసు నుంచి దావీదు వరకు ఉన్న పది పేర్లు భూమి కోసం రాసినవి కావు. మోయాబీయురాలైన ఒక విధవరాలి కథ రాజు ఇంటికి ఎలా చేరిందో అవి చూపిస్తాయి. మత్తయి తన జాబితాను మూడు పద్నాలుగులుగా కట్టాడు. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. దావీదు పేరులోని మూడు అక్షరాలను కూడితే 4, 6, 4 కలిసి 14 వస్తుంది. ఆ లెక్క కుదిరేలా యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను మత్తయి వదిలేశాడు. కాబట్టి "కుమారుడు" అని ఉన్నచోట ఒక్కోసారి మనవడో మునిమనవడో అని అర్థం చేసుకోవాలి. ఎజ్రా 7:1-5లోని ఎజ్రా వంశాన్ని 1 దినవృత్తాంతములు 6వ అధ్యాయంతో పక్కపక్కన పెడితే ఎజ్రాలో ఆరు పేర్లు తక్కువ ఉంటాయి. పొరపాటు పట్టుకున్నామని ఇక్కడ తొందరపడకూడదు. తరాలను కుదించి చెప్పడం ఆ కాలపు పద్ధతి.

రెండో మెట్టు: పేరును వాక్యంలా విడదీయండి

మన సంఘాల్లో దేవదానం, దైవసహాయం, కృపావరం, ఆశీర్వాదం అనే పేర్లు విననివాళ్లు ఉండరు. అవి ఊరికే శబ్దాలు కావు, అర్థం తెలిసే పెట్టుకున్నవి. హీబ్రూ పేర్లలో సగానికి సగం ఇలాంటివే. ఇంకా చెప్పాలంటే అవి చిన్న వాక్యాలు, వాటిలో కర్త, క్రియ కూడా ఉంటాయి.

తెలుగు బైబిల్లో పేరు చివర "ఏలు" కనిపిస్తే అది ఏల్, దేవుడు. "యా" కనిపిస్తే చాలావరకు అది యెహోవా పేరుకు పొట్టి రూపం. పేరు మొదట్లో "యెహో", "యో" ఉంటే అదీ ఆ పేరే. "ఎలీ" అంటే నా దేవుడు, "అబీ" నా తండ్రి, "అహీ" నా సహోదరుడు, "అమ్మీ" నా జనం లేదా నా బంధువు, "మల్కీ" నా రాజు. ఈ ఏడెనిమిది ముక్కలు నోటికి వస్తే జాబితాలో సగం తలుపులు తెరుచుకుంటాయి.

తర్వాత క్రియలు. "నాతాన్" అంటే ఇచ్చాడు. నతనయేలు, యోనాతాను, ఎల్నాతాను, నెతన్యా, మత్తన్యా అన్నీ ఆ కుటుంబమే. మన దేవదానం, దేవదత్తు వీటికి చాలా దగ్గర. "షామా" అంటే విన్నాడు. ఇష్మాయేలు, ఎలీషామా, షెమయా అందులోంచే వచ్చాయి. "అజార్" అంటే సహాయం చేశాడు. అజర్యా, అజరేలు, ఎలియాజరు ఆ వరుస. "హనాన్" అంటే కరుణించాడు. హనన్యా, హనానీ, యోహానాను అక్కడివి. "జఖార్" అంటే జ్ఞాపకం చేసుకున్నాడు. అందుకే జెకర్యా అనే పేరు బైబిల్లో అంతమందికి ఉంది. చాలాకాలం ఎదురుచూసిన ఇంట్లో పిల్లవాడు పుడితే ఇంకేం పేరు పెడతారు?

కొన్ని పేర్లలో కర్త మాయమైపోతాడు. నాతాను అంటే "ఇచ్చాడు", ఎవరో చెప్పలేదు. ఆహాజు అంటే "పట్టుకున్నాడు". అష్షూరు రాజు శాసనంలో యూదా రాజైన ఈ ఆహాజు పేరు "యౌహాజీ" అని పూర్తిగా ఉంది. యెహోవా పట్టుకున్నాడని అర్థం. సుబ్రహ్మణ్యాన్ని సుబ్బు అని పిలిచినట్టు వాళ్లూ పేర్లను కుదించేవాళ్లు. 2 రాజులు 18:2లో హిజ్కియా తల్లి అబీ, 2 దినవృత్తాంతములు 29:1లో అబీయా.

మూడో మెట్టు: తెలుగు స్పెల్లింగును నమ్మి ఆగిపోకండి

తెలుగులో హల్లుతో ఆగే పేరు నోటికి సుఖంగా ఉండదు కాబట్టి అనువాదకులు చివర "ఉ" చేర్చారు. యాకోబ్ యాకోబు అయ్యాడు. ఆ "ఉ"ని మనసులో తీసేయండి. ఒక మంచి సంగతి ఏమిటంటే, హీబ్రూలోని "య" శబ్దాన్ని తెలుగు అలాగే ఉంచింది. ఇంగ్లిష్‌లో "జ" అయిపోయిన యాకోబు, యోనా, యిర్మీయా మన దగ్గర మూలానికి దగ్గరగా ఉన్నారు.

కానీ కొన్ని అక్షరాలు తెలుగులో కలిసిపోతాయి. గొంతు లోపలి నుంచి వచ్చే హేత్, తేలికైన హే రెండూ "హ" అవుతాయి. ఆలెఫ్, అయిన్ రెండూ చాలాచోట్ల వినిపించకుండా పోతాయి. త్సాదే, సామెఖ్ రెండూ "స" అవుతాయి. సాదోకు, సీయోను, సెలోపెహాదు పేర్లలోని "స" నిజానికి త్సాదే. ధాతువు వెతికేటప్పుడు తెలుగు అక్షరం మీద ఆధారపడితే వేరే ఇంటి తలుపు తడతాం.

రెండు ఉదాహరణలు చెబుతాను. ఎలియాజరు, ఎలీయెజెరు ఒకటే పేరని చాలామంది అనుకుంటారు. కావు. మొదటిది "దేవుడు సహాయం చేశాడు", అహరోను కుమారుడు. రెండోది "నా దేవుడు నాకు సహాయం", మోషే కుమారుడు. రెండో ఉదాహరణలో తెలుగుదే పైచేయి. ఓడ కట్టిన నోవహు పేరు చివర హేత్ ఉంది, విశ్రాంతికి సంబంధించిన మాట. సెలోపెహాదు కూతురు నోయా పేరులో అయిన్ ఉంది, కదలికకు సంబంధించిన మాట. ఇంగ్లిష్ బైబిళ్లలో ఇద్దరి పేరూ సాధారణంగా ఒకే రకంగా రాస్తారు. మన అనువాదకులు వేరువేరుగా రాశారు.

అందుకే యాప్‌లో పేరు మీద నొక్కి, స్ట్రాంగ్స్ నంబరు చూసి, హీబ్రూ అక్షరాలు రాసుకోండి. హీబ్రూ మాటలకు ఆ నంబర్లు 1 నుంచి 8674 వరకు ఉంటాయి. నంబరు ఉపయోగపడేది అక్షరాల కోసం. అక్కడ ఇచ్చిన అర్థాన్ని మాత్రం కళ్లు మూసుకుని తీసుకోకూడదు. ఆ నంబర్లున్న స్ట్రాంగ్స్ నిఘంటువు 1890 నాటిది. అహరోను మనవడు ఫీనెహాసు పేరును అది హీబ్రూ మాటలతో విడదీసి "సర్పం నోరు" అంటుంది. అసలు అది ఐగుప్తు పేరు. "నూబియావాడు", అంటే దక్షిణాన ఉన్న నల్లని జనానికి చెందినవాడు అని దాని భావం. లేవీయుల ఇంట్లో ఐగుప్తు పేరు ఉండటం, వాళ్లు అక్కడ బతికిన రోజులకు ఒక గుర్తు. సర్పం నోరు పట్టుకుని ప్రసంగం చేస్తే ఈ గుర్తు చేజారిపోతుంది.

నాలుగో మెట్టు: గ్రంథమే అర్థం చెప్పినచోట, అది ఎలా చెబుతుందో చూడండి

1 దినవృత్తాంతములు 4:9, 10లో జాబితా ఒక్కసారిగా ఆగి, యబ్బేజు గురించి రెండు వచనాలు చెబుతుంది. వేదనతో కన్నాను కాబట్టి తల్లి ఆ పేరు పెట్టిందట. హీబ్రూలో వేదనకు ఉన్న ధాతువు అయిన్, త్సాదే, బేత్. యబ్బేజు పేరులో ఉన్నది యోద్, అయిన్, బేత్, త్సాదే. చివరి రెండు అక్షరాలు తారుమారు! అంటే ఇది నిఘంటువు చెప్పే వ్యుత్పత్తి కాదు, మాటలతో ఆడిన ఆట. తల్లి ఆ వేదనను పేరులో పెట్టింది గానీ అక్షరాలు మార్చి పెట్టింది. తర్వాతి వచనంలో కొడుకు చేసిన ప్రార్థన కూడా, కీడు తనకు వేదన కలిగించకుండా కాపాడమనే. తన పేరులోని వేదన తన బతుకులోకి రాకూడదని అడిగాడు. ఆయన అడిగినది దేవుడు దయచేశాడని వచనం ముగుస్తుంది. మనవాళ్లలో పిల్లలకు జాబెజ్ అని పేరు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఈ అక్షరాల సంగతి వాళ్లకు తప్పక చెప్పండి.

బైబిల్లో పేర్లకు ఇచ్చే వివరణలు చాలావరకు ఇలాంటివే. నోవహు పేరుకు "విశ్రాంతి" ధాతువు సరిపోతే, ఆదికాండము 5:29లో తండ్రి లెమెకు "నెమ్మది కలుగజేస్తాడు" అనే వేరే క్రియతో దాన్ని కలిపాడు. పెలెగు అంటే విభజన. అతని రోజుల్లో భూమి విభాగించబడిందని ఆదికాండము 10:25. శబ్దం దగ్గరగా ఉంటే వాళ్లకు అది చాలు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే బైబిలునూ గౌరవిస్తాం, భాషనూ గౌరవిస్తాం.

నన్ను ఎక్కువగా కదిలించేది 1 దినవృత్తాంతములు 7వ అధ్యాయం. ఎఫ్రాయిము కొడుకులు గాతువారి పశువులను తోలుకుపోవడానికి వెళ్లి వాళ్ల చేతిలో చచ్చిపోయారు. ఎఫ్రాయిము చాలా రోజులు ఏడ్చాడు, అన్నదమ్ములు వచ్చి ఓదార్చారు. తర్వాత ఇంకో కొడుకు పుట్టాడు. ఇంటికి కీడు కలిగిందని వాడికి బెరీయా అని పేరు పెట్టాడు. "బె-రాఆ", అంటే కీడులో, అనే మాటకు ఈ శబ్దం దగ్గర. ఆ దుఃఖం ఆరకముందే తర్వాతి వచనంలో ఒక ఆడపిల్ల పేరు వస్తుంది. షెయెరా. దిగువ బేత్‌హోరోనునూ, ఎగువ బేత్‌హోరోనునూ, తన పేరుతో ఉజ్జెన్‌షెయెరానూ ఆమె కట్టించింది. సముద్రతీరం నుంచి యెరూషలేము కొండలకు ఎక్కే ముఖ్యమైన దారిలో ఉన్నవి ఆ రెండు బేత్‌హోరోనులు. బేత్‌హోరోనుల చోట ఈనాటికీ బైత్ ఊర్ అనే పేరుతో ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు ఊళ్లు ఉన్నాయి. బైబిల్లో ఊళ్లు కట్టించిందని చెప్పిన స్త్రీ ఈమె ఒక్కతే. ఇది వంశావళిలో ఒకే ఒక వచనం, పేజీ తిప్పేస్తే పోయేది.

మన పల్లెల్లో పిల్లలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టేవాళ్లు. యబ్బేజును, బెరీయాను చూడగానే మనకు అది గుర్తొస్తుంది. కానీ ఆ కారణాన్ని తీసుకెళ్లి వాళ్ల మీద పెట్టకండి. దిష్టి తగలకూడదని ఆ పేర్లు పెట్టారని గ్రంథం ఎక్కడా అనలేదు. జరిగిన బాధను దాచకుండా చెప్పారు, అంతే.

ఐదో మెట్టు: ఇది మనిషా, ఊరా, జాతా?

ఆదికాండము 10లో మిస్రాయిము అంటే ఐగుప్తే. సీదోను ఒక పట్టణం. లూదీయులు, అనామీయులు జనాలు, తెలుగు అనువాదం కూడా వాటిని బహువచనంలోనే రాసింది. యొక్తాను కుమారుల్లో హసర్మావెతు అనే పేరు చూస్తే మనిషి పేరులా ఉంటుంది. అది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం. ఒక పాత లోకపటాన్ని కుటుంబ వృక్షంలా గీశారన్నమాట.

1 దినవృత్తాంతములు 2, 4 అధ్యాయాల్లో "బేత్లెహేము తండ్రి", "కిర్యత్యారీము తండ్రి", "తెకోవ తండ్రి" అని వస్తుంది. ఇక్కడ తండ్రి అంటే ఆ ఊరికి మూలపురుషుడు. నాలుగో అధ్యాయంలోనే పనివాళ్ల లోయ, సన్నపు నార బట్ట నేసేవాళ్ల ఇల్లు, రాజు పని చేసే కుమ్మరులు కూడా ఉన్నారు. చేతిపనుల కుటుంబాలు వంశావళిలో చోటు సంపాదించుకున్నాయి. అదే అధ్యాయం 18వ వచనంలో ఫరో కూతురు బిత్యా ఉంది. యూదా గోత్రంలోని మెరెదు ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఫరో కూతురి పేరు "యెహోవా కూతురు"! యూదుల బోధకులు ఈమెను మోషేను నీళ్లలోంచి తీసిన రాకుమారితో కలిపి చెప్పారు. గ్రంథం అంతవరకు చెప్పదు. కానీ ఆ పేరు అక్కడ ఉండటమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

జంతువుల పేర్లు కూడా కనిపిస్తాయి, కంగారు పడకండి. అక్బోరు అంటే ఎలుక. షాఫాను అంటే లేవీయకాండము 11లో తెలుగువారు పొట్టికుందేలు అని రాసిన జంతువు. హొగ్లా అంటే కౌజుపిట్ట. చెరనుంచి 2,172 మందితో తిరిగొచ్చిన పరోషు వంశం పేరుకు అర్థం మిన్నల్లి. సౌలుతో మాట్లాడుతూ దావీదు తనను తాను పోల్చుకున్న మాటే అది.

ఆరో మెట్టు: పక్క జాబితాతో పోల్చండి

సౌలు కుమారుడిని సమూయేలు రెండో గ్రంథం ఇష్బోషెతు అంటుంది, 1 దినవృత్తాంతములు 8:33 ఎష్బయలు అంటుంది. యోనాతాను కొడుకు అక్కడ మెఫీబోషెతు, ఇక్కడ మెరీబ్బయలు. బయలు అంటే మొదట్లో యజమాని, ప్రభువు అనే మామూలు మాటే. తర్వాత అది కనానీయుల దేవత పేరుగా స్థిరపడ్డాక, ఆ పేరు పలకడం ఇష్టం లేనివాళ్లు దాని చోట "బోషెత్", అంటే సిగ్గు, అనే మాట పెట్టారు. ఎవరూ చదవని జాబితాలో పాత పేరు అలాగే మిగిలిపోయింది. ఇది ఊహ మాత్రమే కాదు. ఇశ్రాయేలులోని ఖిర్బెత్ ఖెయాఫాలో దొరికిన ఒక జాడీ మీద ఎష్బయలు అనే పేరే చెక్కి ఉంది. ఆ శాసనం 2015లో వెలుగులోకి వచ్చింది. సౌలు కొడుకు ఇతను కాదు, ఇంకొకాయన. కానీ ఆ పేరు ఆ రోజుల్లో నిజంగా పెట్టుకునేవారని తేలింది.

కొన్ని తేడాలు రాతలో వచ్చినవి. హీబ్రూలో దాలెత్, రేష్ అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి. ఆదికాండము 10:3లోని రీఫతు, హీబ్రూ దినవృత్తాంతముల్లో "దీఫత్" అయింది. కొన్ని తేడాలు కావాలని చేసినవి. యెహోషువ గ్రంథంలోని ఆకాను, హీబ్రూ దినవృత్తాంతముల్లో "ఆఖార్", అంటే బాధపెట్టినవాడు.

యాజకుల జాబితాలో అమర్యా, అహీటూబు, సాదోకు అనే మూడు పేర్లు అదే వరుసలో రెండుసార్లు వస్తాయి. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఇది వింతగా అనిపించదు.

వీలైతే తవ్వకాల్లో దొరికినవి కూడా చూడండి. 1982లో యెరూషలేములోని దావీదు పురంలో 51 మట్టి ముద్రలు దొరికాయి. క్రీ.పూ. 586లో పట్టణం కాలినప్పుడు ఆ మంటల్లోనే అవి గట్టిపడ్డాయి. వాటిలో ఒకదాని మీద "హిల్కియాహు కుమారుడు అజర్యాహు" అని ఉంది. 1 దినవృత్తాంతములు 6:13లో హిల్కీయా, అజర్యా అనే తండ్రీకొడుకులున్నారు.

సెలోపెహాదు కూతుళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేని తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు చెరిగిపోవాలని మోషే ముందు నిలబడి భూమి అడిగిన ఐదుగురు అక్కచెల్లెళ్లు. సంఖ్యాకాండము 27లో వాళ్లు అడిగింది న్యాయమే అని దేవుడన్నాడు. 1910లో షోమ్రోనులో క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు కుండపెంకులు దొరికాయి. ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి వచ్చాయో వాటి మీద సిరాతో రాశారు. ఆ ప్రాంతాల పేర్లలో నోయా, హొగ్లా ఉన్నాయి! ఆడపిల్లల పేర్ల మీద ఊళ్ల లెక్కలు నడిచాయి.

ఏడో మెట్టు: ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

ఆదికాండము 5లోని ఆదాము నుంచి నోవహు వరకు పది పేర్ల అర్థాలను వరుసగా చదివితే సువార్త వస్తుందని ఒక సందేశం వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, ప్రసంగాల్లో కూడా వినిపిస్తుంది. మనసుకు హత్తుకునేలా ఉంటుంది, అది నిజం. కానీ ఆ వరుస నిలబడదు. కేయినానుకు "దుఃఖం" అనే అర్థం శోకగీతం అనే వేరే మాట నుంచి లాక్కొచ్చినది. లెమెకు పేరుకు హీబ్రూలో స్పష్టమైన ధాతువే లేదు. మెతూషెలను "అతని మరణం తెస్తుంది" అని చెబుతారు గానీ, ఆ పేరు మొదట్లో ఉన్నది మనిషి అనే పాత మాట, రెండో సగం విసిరే ఆయుధానికి దగ్గర.

మెతూషెల దగ్గర నిజంగా చూడాల్సింది లెక్క. అతను 187 ఏళ్లకు లెమెకును కన్నాడు. లెమెకు 182 ఏళ్లకు నోవహును కన్నాడు. నోవహు 600వ ఏట జలప్రళయం వచ్చింది. మూడూ కూడితే 969, సరిగ్గా మెతూషెల బతికిన ఏళ్లు. అంటే జలప్రళయం వచ్చిన ఏడాదే అతను చనిపోయాడు. వచనాల్లోనే ఇంత ఉండగా పేర్ల మీద లేని భారం ఎందుకు మోపాలి?

దేవాలయ గాయకుడు హేమాను కొడుకుల దగ్గర మాత్రం ఆ వరుస నిజంగానే ఉన్నట్టుంది. 1 దినవృత్తాంతములు 25:4 చివర్లో హనన్యా నుంచి మహజీయోతు దాకా ఉన్న పేర్లను గట్టిగా చదవండి. హనన్యా, హనానీ అనే మాటల్లో కరుణించమనే వేడుకోలు వినిపిస్తుంది. ఎలీయ్యాతా అంటే "నా దేవుడవు నీవే". గిద్దల్తీ, "నేను ఘనపరచాను". రోమమ్తీయెజెరు, "సహాయాన్ని హెచ్చించాను". మల్లోతి, "నేను పలికాను". మహజీయోతు, దర్శనాలు. ఇది ఒక పాత కీర్తన ముక్క అని పండితులు చాలామంది అంటారు. అదే అధ్యాయంలో పాడేవాళ్ల వంతుల కోసం చీట్లు వేసినప్పుడు ఈ పేర్లే ఒక్కో మనిషికి ఉన్నాయి. దేవాలయంలో పాడే కుటుంబం పిల్లల పేర్లతోనే పాట కట్టిందనుకోవడం నాకు ఇష్టం. అది నా ఇష్టమని చెప్పి మరీ చెబుతున్నాను. మీరూ ఇలా చెప్పదలచుకుంటే, వచనంలో ఉన్నదేదో, మీరు అనుకుంటున్నదేదో విడిగా చెప్పండి.

జెరుబ్బాబెలు ఇంట్లో

ఇప్పుడు 1 దినవృత్తాంతములు 3:17 తెరవండి. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపోయిన రాజు యెకొన్యా. అతని పేరు పక్కన "అస్సీర్" అనే మాట ఉంది. కొన్ని అనువాదాలు దాన్ని కొడుకు పేరుగా రాశాయి. ఆ మాటకు అర్థం ఖైదీ. ఈ ఖైదీకీ, అతని ఐదుగురు కుమారులకూ ఇచ్చిన నూనె రేషన్ లెక్క బబులోనులో దొరికిన మట్టిపలకల మీద ఉంది. కొడుకుల్లో షెనజ్జరు పేరు బబులోనువాళ్ల చంద్రదేవుడి పేరుతో కట్టినది. ఆ తర్వాతి తరం జెరుబ్బాబెలు, "బబులోను విత్తనం". దావీదు వంశంలో పుట్టిన పిల్లలకు పరాయి దేశపు పేర్లు.

ఆ జెరుబ్బాబెలే యెరూషలేముకు తిరిగొచ్చి దేవాలయం మళ్లీ కట్టించాడు. అతని పిల్లల పేర్లు చూడండి. మెషుల్లాము, పోయినది తిరిగి చెల్లించబడింది. హనన్యా, యెహోవా కరుణించాడు. వాళ్ల సహోదరి షెలోమీతు, సమాధానం. హషుబా, లెక్కలోకి తీసుకోబడ్డాడు. ఓహెలు, గుడారం. బెరెక్యా, యెహోవా ఆశీర్వదించాడు. హసద్యా, యెహోవా కృప చూపాడు. చివరివాడు యూషబ్హెసెదు. "హెసెద్" అంటే నిబంధన తప్పని ప్రేమ. "యూషబ్" అంటే తిరిగి రావాలి, తిరిగి ఇవ్వబడాలి. ఆ పిల్లవాణ్ని అన్నం తినడానికి పిలిచినప్పుడల్లా ఇంట్లో ఆ ప్రార్థనే వినిపించి ఉంటుంది.

అదే వంశం 24వ వచనంలో ఎల్యోయేనై దగ్గరికి వస్తుంది. "నా కన్నులు యెహోవా వైపు" అని ఆ పేరు. అతనికి ఏడుగురు కొడుకులు: హోదవ్యా, ఎల్యాషీబు, పెలాయా, అక్కూబు, యోహానాను, దెలాయా, అనానీ. దినవృత్తాంతముల్లో దావీదు ఇంటి జాబితా ఇక్కడితో ఆగుతుంది.

ఈ ఏడుగురినీ మీరే విడదీయండి. మూడు ఆధారాలు ఇస్తాను. ఎల్యాషీబులో ఉన్నది యూషబ్హెసెదులో ఉన్న ధాతువే. అక్కూబు, యాకోబు ఒకే మాట పిల్లలు. దెలాయాలోని క్రియ బావిలోంచి నీళ్లు చేదడం, 30వ కీర్తన మొదటి వచనంలో "నీవు నన్నుద్ధరించావు" అన్నచోట హీబ్రూలో ఉన్నది అదే. మిగిలిన నాలుగింటికి కావలసిన ముక్కల్లో కొన్ని పైనే ఉన్నాయి, మిగతావి యాప్‌లో వెతకండి. అనానీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం హనానీతో కలిపేయకండి, మొదటి అక్షరం హేత్ కాదు, అయిన్. ఆ మాటకు అర్థం ఆకాశంలో వెతకాలి.